జీపీఎస్ కొనాలా, లేజర్ కొనాలా? సరదా గోల్ఫర్‌కు దూరం లెక్క తప్పేది ఎక్కడ

క్లుప్తంగా

చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం గ్రీన్ (జెండా, రంధ్రం ఉండే పొట్టి గడ్డి జాగ) ముందంచు, మధ్య భాగం, వెనకంచు ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంది. లేజర్ రేంజ్‌ఫైండర్ కంటికి కనిపించే జెండా ఎంత దూరమో చెబుతుంది. మొదటిదానిలో నాలుగైదు గజాల తేడా సహజం. రెండోది సరిగ్గా గురిపెడితే గజానికి అటూఇటూ మించదు. అయితే ఆదివారం ఆటగాడి స్కోరు పాడయ్యేది చాలాసార్లు ఈ తేడా వల్ల కాదు, తన 7 ఐరన్‌తో (అదొక రకం గోల్ఫ్ కర్ర, అంటే క్లబ్) కొట్టిన బంతి గాల్లో ఎంత దూరం పోతుందో తనకే తెలియకపోవడం వల్ల. ఆ లెక్క దొరికే దాకా జీపీఎస్ ఎక్కువ పనికొస్తుంది. దొరికాక లేజర్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది.

ఈ గందరగోళం ఎందుకొచ్చింది

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో గోల్ఫ్ మీద మోజు పడ్డవారికి 18 హోళ్ల కోర్సు అంటే ఎక్కువగా హైదరాబాదే దిక్కు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారో, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా 65వ నంబరు రహదారో పట్టుకుని చీకటితోనే బయల్దేరితే తప్ప ఎండ ఎక్కకముందు గోల్కొండ నయా ఖిలా దగ్గరి హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌కో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కో చేరలేరు. ఇలా ఎప్పుడో ఒకసారి వెళ్లి ఆడేవారికి కోర్సు కంఠతా రాదు. రోజూ ఆడే సభ్యుడికి ఏ చెట్టు దగ్గరి నుంచి ఎంత దూరమో నోటికి వస్తుంది. వీరికి రాదు కాబట్టే దూరం చెప్పే పరికరం మీద మనసు పడుతుంది.

నియమాలు కూడా దారి సుగమం చేశాయి. అంతకుముందు ఫలానా క్లబ్ ప్రత్యేకంగా స్థానిక నియమం పెడితేనే దూరం కొలిచే పరికరాలకు అనుమతి ఉండేది. 2019లో అమల్లోకి వచ్చిన గోల్ఫ్ నియమావళి దాన్ని తిరగేసింది. ఇప్పుడు నిషేధించాలంటేనే స్థానిక నియమం పెట్టాలి. 2021లో కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ చాంపియన్‌షిప్‌లో ప్రొఫెషనల్స్ సైతం వీటిని వాడారు. ఆ తర్వాత మార్కెట్లో చేతి జీపీఎస్‌లు, గడియారాలు, లేజర్‌లు, లేజర్‌లోనే జీపీఎస్ కలిపినవి, ఫోన్ యాప్‌లు అన్నీ ఒకే పని చేస్తాయన్నట్టు పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి. అవి చేసే పని ఒకటి కాదు.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. గుంటకు 121 చదరపు గజాలని లెక్కగట్టే మన దగ్గర గజం ఎంతో ఎవరికీ విడమరచక్కర్లేదు. మన కోర్సుల్లో దూరాలూ చాలావరకు ఆ గజాల్లోనే ఉంటాయి. కానీ కొత్త పరికరం పెట్టె విప్పగానే మీటర్లలో ఉండొచ్చు. తెర మీద 150 అని కనిపిస్తే అది 150 మీటర్లయితే 164 గజాలు. క్లబ్‌కు పది గజాల తేడా అనుకుంటే ఒకటిన్నర క్లబ్ తక్కువ పడుతుంది. బంతి గ్రీన్ ముందున్న ఇసుక గుంతలో (బంకర్‌లో) దిగుతుంది, తప్పు స్వింగ్ మీద పడుతుంది. కొత్త పరికరాల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇంత సులువుగా తేలిపోయేది మరొకటి లేదు. సెట్టింగ్స్‌లో యూనిట్ మార్చితే చాలు.

ఒకటి జాగను కొలుస్తుంది, ఇంకొకటి జెండాను

జీపీఎస్ పరికరం అసలు కొలిచేది ఆటగాడు ఎక్కడ నిలబడ్డాడన్నది మాత్రమే. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాల సమయాన్ని బట్టి అది అక్షాంశ రేఖాంశాలు తేలుస్తుంది. గ్రీన్ ఎక్కడుందన్నది ముందే ఎక్కించిన మ్యాపులో ఉంటుంది. ఈ రెండు బిందువుల మధ్య తీసివేతే తెర మీద కనిపించే అంకె. అంటే అందులో రెండు తప్పులు కలిసే వీలుంది: నిలబడ్డ చోటు తప్పు, మ్యాపు తప్పు. పిన్ (జెండా కర్ర) ఈరోజు గ్రీన్ మీద ఎక్కడ పెట్టారో దానికి తెలియదు. కొన్ని తెరల మీద వేలితో పిన్‌ను జరిపే వీలుంటుంది గానీ, ఎక్కడికి జరపాలో ఆటగాడు కంటితో అంచనా వేయాల్సిందే.

లేజర్‌కు మ్యాపుతో పనిలేదు. కంటికి కనిపించని పరారుణ కాంతిని చిన్న చిన్న స్పందనలుగా వదిలి, తగిలి తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తుంది. 150 గజాల దూరంలోని జెండాకు తగిలి కాంతి వెనక్కి రావడానికి పట్టేది దాదాపు 915 నానోసెకన్లు. గజం తేడా పట్టుకోవాలంటే 6 నానోసెకన్ల తేడాను గుర్తించాలి. మంచి లేజర్‌లు ఆ పని సునాయాసంగా చేస్తాయి.

ఈ తేడా ఆటలో ఎలా తగులుతుందో ఒక గ్రీన్‌ను ఉదాహరణగా తీసుకుంటే తెలుస్తుంది. గ్రీన్ లోతు 30 గజాలు, మధ్య భాగం 150 గజాల దూరంలో ఉందనుకుందాం. ముందంచు 135, వెనకంచు 165. పిన్ వెనకంచుకు 5 గజాల ఇవతల ఉంది. లేజర్ 160 అంటుంది. జీపీఎస్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది 150. పది గజాలు, అంటే ఒక క్లబ్. జీపీఎస్ తప్పు చెప్పలేదు, వేరే ప్రశ్నకు జవాబు చెప్పింది.

అలాగని 160 అంకెను నమ్మి కొట్టడమే సరైనదని కాదు. 160 కోసం కొట్టిన షాట్ కాస్త బాగా తగిలితే గ్రీన్ దాటి వెనక గుంతలోకి పోతుంది. 150 కోసం కొట్టినది కాస్త పలచగా తగిలినా గ్రీన్ మీదే ఆగుతుంది. బంతిని పది గజాల లోపు తేడాతో దింపగల నేర్పు ఉన్నవారికి పిన్ దూరం బంగారం. ఆ నేర్పు ఇంకా రానివారికి ముందంచు, వెనకంచు అంకెలే ఎక్కువ విలువైనవి. ఎందుకంటే ఎంత తప్పినా పర్వాలేదో చెప్పేవి అవే.

కంటికి కనిపించనిది లేజర్ కొలవలేదన్నది రెండో తేడా. మలుపు తిరిగిన ఫెయిర్‌వేలో (గ్రీన్ దాకా సాగే గడ్డి బాటలో) మూల దాకా ఎంత, గుట్ట అవతలి కుంటను దాటాలంటే గాల్లో ఎంత పోవాలి, చెట్ల చాటున ఉన్న గ్రీన్ ఎంత దూరం అన్నవి జీపీఎస్ ఉన్నచోటి నుంచే చెబుతుంది. కొత్త కోర్సులో టీ (హోల్ మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడ్డవారికి ఇదే పెద్ద సాయం.

జీపీఎస్ ఎక్కడ జారుతుంది

తెరిచిన ఆకాశం కింద మామూలు స్మార్ట్‌ఫోన్ 4.9 మీటర్ల వ్యాసార్ధంలో స్థానాన్ని చూపగలదని అమెరికా ప్రభుత్వపు జీపీఎస్ సమాచారం చెబుతుంది. గోల్ఫ్ కోసమే చేసిన పరికరాలు ఇంతకంటే ఎంతో మెరుగ్గా ఉంటాయని అనుకోనక్కర్లేదు. వాటిలోని చిప్పులూ అదే కోవకు చెందినవి.

మన ప్రాంతంలో ఒక ప్రత్యేక చిక్కుంది. ఉపగ్రహ సంకేతం భూమిని చేరే దారిలో పై వాతావరణంలోని అయనోస్ఫియర్ అనే పొర దాన్ని ఆలస్యం చేస్తుంది. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దక్షిణ భారతంలో ఈ పొర దట్టంగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మరీ ఎక్కువ. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే పరికరం దీన్ని ఒక సాధారణ సూత్రంతో సరిచేసుకుంటుంది, కానీ ఆ సూత్రం తప్పులో సుమారు సగాన్నే తీసేస్తుంది. ఎల్1తో పాటు ఎల్5 ఫ్రీక్వెన్సీని కూడా అందుకునే ఫోన్లు, గడియారాలు రెండింటి ఆలస్యాలను పోల్చి తప్పును చాలావరకు కొట్టేస్తాయి. కాబట్టి కొత్త తరం ఫోన్ కొన్నిసార్లు పాత ఖరీదైన గోల్ఫ్ జీపీఎస్ కంటే సరిగ్గా చెబితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నడిపే గగన్ వ్యవస్థ పంపే సవరణలను అందుకునే పరికరమైతే ఒకే ఫ్రీక్వెన్సీలో కూడా ఫలితం మెరుగవుతుంది. పెట్టె మీద గగన్ అని రాసి ఉండకపోవచ్చు. ఎస్‌బీఏఎస్ అనో, డబ్ల్యూఏఏఎస్ అనో ఉంటుంది.

బండలు రెండో కారణం. పెద్ద గ్రానైట్ గుండు పక్కన, వేప చెట్ల గుంపు కింద నిలబడితే సంకేతం నేరుగా రాకుండా రాతికి తగిలి తిరిగి వస్తుంది. దారి పెరిగింది కాబట్టి పరికరం తనను తాను వేరే చోట ఉన్నట్టు అనుకుంటుంది. అంకె ఒక్కసారిగా ఆరేడు గజాలు గెంతితే కారణం ఇదే. నాలుగడుగులు తెరిపిలోకి నడిచి, అంకె నిలకడగా ఉన్నాక చదవాలి.

మూడోది తొందర. పరికరాన్ని టీ మీద నిలబడి అప్పుడే ఆన్ చేసేవారు చాలామంది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను ప్రతి 30 సెకన్లకోసారి ప్రసారం చేస్తుంది. పాత వివరాలు కొన్ని గంటల్లోనే చెల్లకుండా పోతాయి. చాలా రోజులు ఆఫ్‌లో ఉండి, వంద కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన పరికరం అన్ని ఉపగ్రహాలనూ పట్టుకుని కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు కావాలి. ఫోన్ అయితే నెట్ ద్వారా ఆ వివరాలు తెచ్చుకుంటుంది కాబట్టి త్వరగా తేరుకుంటుంది. విడి పరికరాన్ని మాత్రం కారు దిగగానే ఆన్ చేసి, బ్యాగు పై జేబులో ఆకాశం వైపు పెట్టాలి.

నాలుగోది మ్యాపు. గ్రీన్లను తిరిగి కట్టినప్పుడు, మరమ్మతుల కోసం తాత్కాలిక గ్రీన్ మీద ఆడించినప్పుడు పరికరం పాత గ్రీన్ దూరమే చెబుతుంది. ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఇంటి వైఫైలో మ్యాపులు అప్‌డేట్ చేసుకోవడం, మొదటి హోల్‌లో ఫెయిర్‌వే పక్కనుండే 150 గజాల గుర్తు దగ్గర నిలబడి మధ్య అంకెతో పోల్చుకోవడం, ఈ రెండూ చేస్తే రోజంతా నిశ్చింత.

జీపీఎస్ చేసే ఒక పని మాత్రం దాని పేరుకంటే మెరుగ్గా చేస్తుంది. కొట్టిన చోట బటన్ నొక్కి, బంతి దాకా నడిచి మళ్లీ నొక్కితే షాట్ దూరం చెబుతుంది కదా, అందులో మ్యాపు లేదు. రెండు మూడు నిమిషాల తేడాలో అదే పరికరం అదే ఉపగ్రహాలతో కొలుస్తుంది కాబట్టి స్థాన దోషం రెండు చోట్లా దాదాపు ఒకే దిక్కుకు ఉండి, తీసివేతలో చాలావరకు పోతుంది. సొంత దూరాలు తెలుసుకోవడానికి ఇంతకంటే చౌకైన సాధనం లేదు.

లేజర్ ఎక్కడ జారుతుంది

లేజర్ తప్పు యంత్రంలో కంటే చేతిలో ఎక్కువ. చేయి పావు డిగ్రీ వణికితే 150 గజాల దగ్గర గురి రెండడుగులు పక్కకు పోతుంది. జెండా కర్ర బొటనవేలంత మందం. కాబట్టి కర్రను కాకుండా గుడ్డను గురిపెట్టాలి. గాలి లేక గుడ్డ కర్రకు చుట్టుకుపోయిన రోజున మరింత కష్టం. రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి బటన్ నొక్కడం ఒక పద్ధతి. నిలబెట్టిన క్లబ్ పిడి మీద లేజర్‌ను ఆనించడం ఇంకా మేలు.

చేయి కదిలి కిరణం జెండాను తప్పితే వెనకున్నదాన్ని కొలుస్తుంది. ఇంగ్లండ్, అమెరికా కోర్సుల్లో ఆ వెనకున్నవి చెట్లు. మన దగ్గర గుండ్లు, గోడలు కూడా. ఆకుల గుంపు కంటే చదునైన బండ కాంతిని ఒక్క పెట్టున గట్టిగా వెనక్కి పంపుతుంది. జెండా బలహీనంగా, బండ బలంగా తిరుగుజవాబు ఇస్తాయి. ఇందుకోసమే జెండా మోడ్ అని ఒకటి పెట్టారు. వచ్చిన జవాబుల్లో అతి దగ్గరిదాన్ని ఎంచుకుని, దొరికినట్టు చేతిలో చిన్న వణుకు ఇస్తుంది. వణుకు రాకుండా వచ్చిన అంకెను నమ్మకూడదు. వణుకు వచ్చినా మూడుసార్లు కొలిచి, రెండు అంకెలు కలిస్తేనే తీసుకోవాలి. ఒక్కోసారి ఈ మోడ్ ముందున్న పొదనే జెండా అనుకుంటుంది. గ్రీన్ ముందంచును కూడా ఒకసారి కొలిస్తే ఇలాంటి తప్పు ఇట్టే బయటపడుతుంది. జెండా దూరం ముందంచు కంటే తక్కువ వచ్చిందంటే ఏదో మధ్యలో అడ్డొచ్చినట్టే.

కొన్ని కోర్సుల్లో కర్ర పైభాగాన ప్రిజం లాంటి పరావర్తకం బిగిస్తారు. అది ఉన్నచోట ఈ బాధలన్నీ సగానికి పైగా తీరతాయి.

డిసెంబర్, జనవరి పొద్దుటి పొగమంచులో కాంతి నీటి తుంపరలకు తగిలి చెదిరి, అంకె రాదు, వస్తే అతి తక్కువగా వస్తుంది. మే నెలలో తొమ్మిది దాటాక నేల మీది వేడిగాలి అలలు అలలుగా కదిలి, ఆరు రెట్లు పెద్దది చేసి చూపే కటకంలో జెండా నాట్యం చేస్తుంది. దూరం లెక్క అప్పుడూ తప్పదు గానీ గురి కుదరదు. పొగమంచు రోజు, వాన రోజు జీపీఎస్ ముందు లేజర్ తలవంచాల్సిందే.

ఎత్తుపల్లాల లెక్క, దాని చుట్టూ ఉన్న నియమం

లేజర్‌లలో వాలు కొలిచేవి, కొలవనివి అని రెండు రకాలు. వాలు కొలిచేది లోపలి కోణమాపకంతో ఎత్తు తేడా పట్టి, ఎంత దూరం అనుకుని కొట్టాలో చెబుతుంది. 150 గజాల దూరంలో గ్రీన్ 4 డిగ్రీల పైకి ఉంటే ఎత్తు తేడా దాదాపు పదిన్నర గజాలు. బంతి 45 డిగ్రీల కోణంలో దిగుతుందనుకుంటే గజం ఎత్తుకు గజం దూరం కలపాలి, అంటే 160 అనుకుని కొట్టాలి. పొడవు క్లబ్‌తో కొట్టిన బంతి ఇంకా పల్చటి కోణంలో దిగుతుంది. అక్కడ గజం ఎత్తుకు గజంపావు దాకా తేడా వస్తుంది. పల్లంలోకి కొట్టేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది.

గుట్టల మధ్య కోర్సుల్లో ఇది నిజంగా పనికొచ్చే అంకె. కానీ నియమావళిలోని 4.3 ప్రకారం పోటీ రౌండ్లలో ఎత్తు తేడాను పరికరంతో కొలవడం నిషిద్ధం. దూరం తెలుసుకోవచ్చు, దిక్కు తెలుసుకోవచ్చు. వాలు, గాలి వేగం కొలిచినా, ఏ క్లబ్ కొట్టాలో యాప్‌ను అడిగినా తప్పే. మొదటిసారి స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే పోటీలో) రెండు స్ట్రోకుల శిక్ష, రెండోసారి పోటీ నుంచే బయటికి. వాలు సౌకర్యం ఉన్న పరికరాన్ని వెంట ఉంచుకోవడంలో తప్పులేదు, వాడకూడదంతే. బయటికి కనిపించే మీట ఉన్న మోడల్ కొంటే తోటి ఆటగాడికి ఎదురు సంజాయిషీ చెప్పే పని తప్పుతుంది. గడియారాలు, యాప్‌ల విషయంలో చాలామందికి ఇది గుర్తుండదు. పోటీకి ముందు టోర్నమెంట్ మోడ్ (వాలు లెక్కను ఆపేసే సెట్టింగ్) వెతికి పెట్టుకోవాలి.

ఇక్కడే ఇంకో చిన్న సంగతి. పోటీలో ఎదుటివారిని ‘ఎంత దూరం?’ అని అడగొచ్చు. ‘ఏ క్లబ్‌తో కొట్టారు?’ అని అడిగితే మాత్రం అది సలహా కిందికి వచ్చి శిక్ష పడుతుంది. లేజర్ లేనివారికి మొదటి ప్రశ్న ఉచితం.

నల్లగొండ ఎండలో పరికరం, బంతి

నల్లగొండలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సంవత్సరాలున్నాయి. ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే చాలా ఎక్కువ. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదని తయారీదారులు సాధారణంగా చెబుతారు. అయినా పరికరాన్ని డ్యాష్‌బోర్డు మీద వదిలి, దారంతా కారు చార్జర్‌కు తగిలించి తెచ్చేవారు కనిపిస్తారు. రెండు వేసవులకే బ్యాటరీ సగం రౌండుకు పడిపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఫోన్ బాధ ఇంకోటి. వేడెక్కితే అది తనను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించుకుంటుంది. సరిగ్గా ఎండలో వెలుగు కావాల్సినప్పుడే తెర మసకబారుతుంది. పద్దెనిమిది హోళ్లకు నాలుగు నాలుగున్నర గంటలు పడుతుంది కాబట్టి యాప్ మీద ఆధారపడితే పవర్ బ్యాంక్ తప్పదు. సూర్యకాంతినే వెనక్కి పంపి అక్షరాలు చూపే తెరలున్న చేతి పరికరాలు, గడియారాలు ఎండ ఎంత ఎక్కువుంటే అంత స్పష్టంగా కనిపిస్తాయి. ఫోన్ కంటే విడి పరికరం మేలని చెప్పడానికి గట్టి కారణం ఇదే, దూరం కచ్చితత్వం కాదు. పోలరైజ్డ్ కళ్లద్దాలు వాడేవారు కొనేముందు ఆ అద్దాలతోనే తెరను అడ్డంగా, నిలువుగా తిప్పి చూడాలి. కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి.

బంతి కూడా ఎండను బట్టి మారుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, బంతికి అడ్డు తగ్గుతుంది. జనవరి పొద్దున 15 డిగ్రీల్లో 150 గజాలు పోయే షాట్ మే నెల 40 డిగ్రీల్లో ఐదారు గజాలు ఎక్కువ పోతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తు వల్ల విశాఖ తీరంలో కంటే రెండు శాతం, అంటే 150కి మూడు గజాలు అదనం. పాలమూరులో కొలుచుకున్న దూరాలు హైదరాబాద్‌లో మారవు, ఎత్తు దాదాపు ఒకటే. విశాఖలో ఆడబోతేనే ఆ మూడు గజాలు తగ్గించుకోవాలి.

నేల మీద దొర్లే దూరం మాత్రం పూర్తిగా వేరే సంగతి. ఏప్రిల్‌లో గట్టిపడ్డ ఎర్ర నేల మీద డ్రైవర్‌తో (అన్నిటికంటే పొడవైన క్లబ్‌తో) కొట్టిన బంతి ముప్పై గజాలు దొర్లొచ్చు. ఆగస్టు వానల తర్వాత పడ్డచోటే ఆగొచ్చు. పరికరం చెప్పే మొత్తం దూరాన్ని వేసవిలో రాసిపెట్టుకుని వానాకాలంలో నమ్మితే కుంటలో బంతులు పోగొట్టుకోవడమే.

క్యాడీ, రంగు గుర్తులు: చౌకలో దొరికే సాధనాలు

ఫెయిర్‌వే పక్కన ఎరుపు, తెలుపు, నీలం గుర్తులు చాలా కోర్సుల్లో వరుసగా 100, 150, 200 గజాలను తెలుపుతాయి. ఇవి గ్రీన్ మధ్య భాగానికి కొలిచినవి. స్కోర్‌కార్డు వెనక చూసి ధ్రువీకరించుకోవాలి. గుర్తు నుంచి బంతి దాకా పెద్ద అంగలు వేసి లెక్కపెడితే మూడు నాలుగు గజాల తేడాతో దూరం తెలుస్తుంది. జీపీఎస్ ఇచ్చేదీ దాదాపు అంతే.

మన కోర్సుల్లో క్యాడీ (బ్యాగు మోస్తూ వెంట నడిచే సహాయకుడు) ఉంటాడు. అంకెల్లో అతను లేజర్‌తో పోటీపడలేకపోవచ్చు. కానీ గ్రీన్ ఎటు వాలి ఉంది, గడ్డి మొన ఎటు పడుకుంది, ముందు రోజు నీళ్లు ఎక్కడ పెట్టారు అన్నది ఏ పరికరమూ చెప్పదు. ఉష్ణ ప్రాంతాల గ్రీన్ల మీద వేసే బెర్ముడా గడ్డి మన గరిక జాతిదే. దాని మొన ఉన్న దిక్కుకు పట్ చేస్తే (గ్రీన్ మీద బంతిని దొర్లిస్తే) బంతి జారుతుంది, ఎదురు చేస్తే ఆగుతుంది. మూడు పట్‌లు పడేది ఇక్కడే. క్యాడీని తీసుకునేవారికి జీపీఎస్ అవసరం సగం తగ్గుతుంది. తీసుకోనివారికి పెరుగుతుంది.

సొంత దూరం కొలుచుకునే పద్ధతి

కొత్త ఆటగాళ్లలో ఎక్కువమంది బంతులు గ్రీన్‌కు ఇవతలే పడతాయి. ఎప్పుడో ఒకసారి అదిరిపోయేలా తగిలిన షాట్ దూరాన్నే ఆ క్లబ్ దూరంగా గుర్తుపెట్టుకోవడం దీనికి కారణం. దీన్ని సరిచేయడానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఊరి బయట పశువులూ మనుషులూ తిరగని, రెండు వందల గజాల పొడవున్న బీడు చాలు. ఎదురుగా రోడ్డు గానీ ఇల్లు గానీ ఉండకూడదు.

వంద మీటర్ల టేపుతో 91.44 మీటర్లు కొలిస్తే 100 గజాలు. అక్కడ కర్ర పాతి ఎర్రటి గుడ్డ కట్టాలి. 75, 125, 150 గజాల దగ్గర కూడా అలాగే. ఒక క్లబ్‌తో పన్నెండు బంతులు కొట్టాలి. ఒకరు పక్కగా, బంతి దారికి బాగా దూరంగా నిలబడి, అది నేలను మొదట తాకిన చోటు చూడాలి. దుమ్ము లేచేది అక్కడే. దొర్లి ఆగిన చోటు వద్దు. అతి దూరం పోయిన రెండు, అతి దగ్గర పడ్డ రెండు వదిలేసి మిగిలిన ఎనిమిదింటి సగటు తీయాలి. ఆ ఎనిమిదింటిలో అతి పొట్టిదానికీ అతి పొడుగుదానికీ మధ్య తేడా కూడా రాయాలి. ఆ రెండో అంకె 15 గజాలు దాటితే లేజర్ కొనుగోలు కొన్నాళ్లు వాయిదా వేసుకోవడమే నయం.

మ్యాచ్‌లో వాడే బంతులతోనే కొట్టాలి. ప్రాక్టీస్ రేంజ్‌లో ఇచ్చే అరిగిన బంతులు తక్కువ దూరం పోతాయి.

ఇదే కర్రలు కొత్త లేజర్‌ను పరీక్షించడానికీ పనికొస్తాయి. 100 గజాల గుడ్డను పదిసార్లు కొలిస్తే 99 నుంచి 101 మధ్య రావాలి. 91 వస్తే మీటర్లలో ఉన్నట్టు. గుడ్డకు పది గజాల వెనక ఒక తడక నిలబెట్టి జెండా మోడ్‌లో కొలవాలి. పదిలో రెండు మూడుసార్లకు మించి తడక దూరం వస్తుంటే దాన్ని వెనక్కి ఇచ్చేయడమే మంచిది, అందుకే వాపసు గడువు ముగిసేలోపే ఈ పరీక్ష చేయాలి.

మిగతా సామాను

పద్నాలుగు క్లబ్‌లు గరిష్ఠ పరిమితి మాత్రమే, అన్నీ ఉండాలని లేదు. 5 వుడ్, హైబ్రిడ్, 6, 7, 8, 9 ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, సాండ్ వెడ్జ్, పటర్‌తో మొదటి ఏడాది హాయిగా గడుస్తుంది.

వెడ్జ్ (దగ్గరి నుంచి బంతిని ఎత్తుగా లేపే క్లబ్) విషయంలో మాత్రం నేలను చూసి కొనాలి. వెడ్జ్ అడుగు భాగపు ఉబ్బును బౌన్స్ అంటారు. 12, 14 డిగ్రీల బౌన్స్ మెత్తటి ఇసుకకు, తడి గడ్డికి బాగుంటుంది. ఎండిన గట్టి నేల మీద అదే ఉబ్బు నేలకు తగిలి ఎగిరి, అంచు బంతి నడుముకు కొడుతుంది. బంతి గ్రీన్ దాటి దూసుకుపోతుంది. వేసవిలో ఎక్కువగా ఆడేవారికి 6 నుంచి 8 డిగ్రీల వెడ్జ్ ఒకటి ఉండటం మంచిది.

తోలు గ్లోవ్ చెమటకు తడిసి, ఎండకు ఆరి అట్టలా బిగుసుకుంటుంది. రెండు గ్లోవ్‌లు పెట్టుకుని మూడు హోళ్లకోసారి మార్చుకుంటే రెండూ ఎక్కువ కాలం వస్తాయి. గ్రిప్‌లను నెలకోసారి సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెడితే జారుడు తగ్గుతుంది. బంతుల్లో ఖరీదైన యురేథేన్ పొరవి గ్రీన్ దగ్గర బాగా ఆగుతాయి. రౌండుకు నాలుగైదు పోగొట్టుకునే దశలో రెండు పొరల మామూలు బంతులే చాలు.

ఎవరికి ఏది

నెలకోసారి ఆడుతూ క్యాడీని తీసుకునేవారికి ఉచిత యాప్ సరిపోతుంది. కొత్త కోర్సులు తిరుగుతూ, క్యాడీ లేకుండా ఆడేవారికి చేతి జీపీఎస్ గానీ గడియారం గానీ సరైనది. గడియారం చూపు తిప్పితే చాలు, కానీ స్వింగ్‌లో మణికట్టుకు అడ్డమనిపించేవారికి బ్యాగుకు తగిలించే చిన్న పరికరమే సుఖం. కొనేముందు మూడు ప్రశ్నలు అడగాలి: తాము ఆడే కోర్సు మ్యాపు అందులో ఉందా, మ్యాపులకు ఏటా చందా కట్టాలా, బ్యాటరీ ఒక పూర్తి రౌండ్ వస్తుందా. గార్మిన్ లాంటి కంపెనీలు ప్రాథమిక మ్యాపులకు చందా అడగవు. స్కైక్యాడీ పద్ధతి చందా మీద నడుస్తుంది. విదేశాల నుంచి బంధువులతో తెప్పించుకునేవి చౌకగా అనిపించినా వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి.

ఒకే క్లబ్‌తో కొట్టిన బంతుల్లో అతి పొట్టిదానికీ అతి పొడుగుదానికీ తేడా 15 గజాల లోపుకు వచ్చినవారు, ఒకే కోర్సులో ఎక్కువగా ఆడేవారు లేజర్ వైపు వెళ్లొచ్చు. లేజర్, జీపీఎస్ కలిసిన పరికరాలు రెండు పనులూ చేస్తాయి. ఖరీదు రెండింటికీ కలిపి పెట్టినంతా అవుతుంది, చెడితే రెండూ ఒకేసారి పోతాయి.

లేజర్ కొన్నవారికి చివరి రెండు జాగ్రత్తలు. చాలా మోడళ్లలో వాడే సీఆర్2 బ్యాటరీ దారిలో ప్రతి కొట్టులో దొరికేది కాదు. ఒకటి అదనంగా బ్యాగులో ఉంచుకోవాలి. వానాకాలంలో తేమకు కటకం లోపల బూజు పడుతుంది. ఆడి రాగానే మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీ తీసి, సిలికా జెల్ పొట్లం వేసిన జిప్ కవర్‌లో పెట్టాలి. బ్యాగులోనే తడి గ్లోవ్ పక్కన వదిలేయకూడదు.